మూత లోపల పెన్సిల్ రాత

పెన్సిల్ మేస్త్రీ చెయ్యి పడితే లేవని మిషన్ లేదని పేటలో అందరూ అనేవారు. అందరికంటే ముందు ఆయనే అనేవాడు. అందులో తప్పేముంది? చేసినవాడు చెప్పుకోకపోతే చూసినవాడు పనిగట్టుకుని చెబుతాడా?

చదివింది ఎనిమిదో తరగతి, అదీ ఊరి బడిలో. ఇంగ్లిషు అక్షరాలు నేర్చుకున్నది రేడియో వాల్వుల అట్టపెట్టెల మీద. పద్నాలుగో ఏట పంతులుగారి రేడియో మూగబోతే, వేలెడు రాగితీగతో దాన్ని మాట్లాడించాడు. పందొమ్మిదో ఏట సినిమా హాల్లో బొమ్మ నడుస్తుండగా గొంతు పోతే, ఇంటర్వెల్ గంట కొట్టేలోపు గొంతు తెప్పించాడు. ఆ వారమంతా ఆయనకు టికెట్ అడిగినవాడు లేడు. వరద నీళ్లు తాగిన టెలిఫోన్ పెట్టెలను వేడి ఇసుకలో పొర్లించి నాలుగు రోజుల్లో మోగించాడు. పురపాలక ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు గుమాస్తాలంతా చెప్పులు బయట వదిలి లోపలికి పోతుంటే, తాను మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని పోయి మూత విప్పాడు. ఆస్పత్రిలో పసిపిల్లల వార్డు కంప్యూటర్‌ను, పై ఊరి ఇంజనీర్లు ఇద్దరు చేతులెత్తేశాక, ఒక్క మధ్యాహ్నంలో లేపాడు. ఇవన్నీ సంవత్సరం, నెల, ఆ రోజు ఎండో వానో కూడా కలిపి చెప్పగలడు. వినేవాడికి ఓపిక ఉండాలే కాని ఆయనకు అలుపు లేదు.

కుడి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. పేరు అందుకే వచ్చింది. బాగుచేసిన ప్రతి మిషన్ మూత లోపలి వైపున, ఏ తేదీన ఏం చేశాడో పెన్సిల్‌తో రాసేవాడు. "పుస్తకంలో రాస్తే పుస్తకం పోతుంది. మిషన్ తన మూతను ఎక్కడ పారేసుకుంటుంది?" అనేవాడు. ఆయనకు రెండు నియమాలు. మూత లోపలి రాత చదవకుండా లోపల చెయ్యి పెట్టకూడదు. ఒక మిషన్‌లోంచి పీకిన పాత డిస్కును ఇంకో మిషన్‌లో పెట్టకూడదు. "యాభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు," అని వేలు పైకెత్తి చెప్పేవాడు.

డెబ్బై ఒకటో ఏట, చలి ఇంకా పూర్తిగా పోని ఒక పొద్దున, ఎనిమిది గంటలకు చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఉన్నపళంగా రా."

"ఏమే, గొంతు అలా ఉందేంటి?"

"కంప్యూటర్ లేవట్లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి నిలబడిపోయింది. పెట్టెల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి."

"గుడ్లు ఎన్నో రోజు?"

"పదహారు."

మేస్త్రీ సంచీ భుజాన వేసుకున్నాడు.

చెల్లెలూ ఆమె భర్తా కోడిపిల్లల హేచరీ నడుపుతున్నారు. బీరువాకు రెండింతలుండే పెట్టెలు మూడు, ఒక్కో దాంట్లో ఐదు వేల గుడ్లు. వేడి, గాలి, తేమ, గంటకోసారి ట్రేలను అటూ ఇటూ వంచడం, అన్నీ ఒక కంప్యూటర్ చూసుకుంటుంది. మొదటి వారంలో గుడ్డుకు వేడి మనం ఇవ్వాలి. పదహారో రోజుకు లోపల పిల్ల తయారై ఉంటుంది, దాని ఒంటి వేడి దానికే ఉంటుంది. పదిహేను వేల ఒళ్ల వేడి మూసిన పెట్టెల్లో, గాలి ఆడకుండా నిలిచిపోతే, పిల్లలు తమ వేడికి తామే ఉడికిపోతాయి.

వాకిట్లోనే చెల్లెలి భర్త, అంటే బావమరిది, ఎదురొచ్చాడు. ఆ మనిషికి ఇల్లు కాలుతున్నా ఒక మాట విసరందే తోచదు.

"రండి బావగారూ. శుభలేఖ వేయలేదని అలిగారేమో అనుకున్నా."

"ముందు దారి వదులు. నీ ముఖం చూసే మిషన్ ఆగిపోయుంటుంది."

లోపల గది ఎప్పుడూ గుయ్యిమంటూ ఉండేది. ఆ రోజు గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు అద్దం వెనక వేలాడే థర్మామీటర్‌కు కళ్లు అంటించి చెల్లెలు నిలబడి ఉంది. పలకరింపుగా కూడా తల తిప్పలేదు.

"ముప్పై ఎనిమిది," అంది.

ఉండవలసింది ముప్పై ఏడున్నర డిగ్రీలు. నలభై తాకి కాసేపు నిలిచిందంటే ఇక ఆశ ఉండదు.

మేస్త్రీ మొదట ఫ్యాన్ల తీగలు విప్పి నేరుగా కరెంటుకు కలిపాడు. అవి తిరిగాయి. కానీ బయటి గాలి రానిచ్చే రేకు తెరవాలన్నా మూయాలన్నా కంప్యూటరే చెప్పాలి. చెల్లెలు అంకె చెప్పడం, బావమరిది తలుపులు కాసేపు తెరిచి మళ్లీ మూయడం, మధ్యలో కడ్డీ పట్టుకుని ట్రేలు వంచడం. అలా అని ఎంతసేపు? తెరిస్తే తేమ పోతుంది, మూస్తే వేడి పెరుగుతుంది.

"అన్నయ్యా, పోయిన రెండు విడతలూ సగమే పిల్లలయ్యాయి. ఇదీ పోయిందంటే ఇక మన గుమ్మం ఎవరూ తొక్కరు. తలుపు మూసుకోవడమే."

"నేనుండగా నీ తలుపు ఎవడు మూస్తాడే?" అన్నాడు మేస్త్రీ.

స్క్రూలు విప్పి, మూత తీసి, గోడకు ఆనించాడు. లోపలి వైపు గోడకేసి ఉంది. వెనకనుంచి చెల్లెలు "ముప్పై ఎనిమిదీ పావు" అంది. మేస్త్రీ లోపల చెయ్యి పెట్టాడు.

తెర మీది తెల్లటి అక్షరాల అర్థం ఒక్కటే: ఆపరేటింగ్ సిస్టం దొరకలేదు. మిషన్‌కు ప్రాణం ఉంది, కళ్లు తెరిచింది, కానీ తానెవరో, ఏం చేయాలో చెప్పేది ఏదీ దొరకడం లేదు. దానికి కారణాలు పది ఉంటాయి, ఒక్కోటే కొట్టేసుకుంటూ పోవాలి. ముందు కరెంటు పెట్టె చూశాడు, బాగుంది. గుండ్రటి బిళ్ల బ్యాటరీ మార్చాడు, లాభం లేదు. మెమరీ పలకను ఊడదీసి దాని పసుపు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు. మిషన్ ఒక్కసారి కుయ్యిమంది. అంటే మెమరీ బాగానే ఉంది. తీగలు మార్చాడు.

"ముప్పై ఎనిమిదీ ముప్పావు."

"బావా, ఆ రబ్బరుతో నా తల కూడా కొంచెం రుద్దండి, పనిచేస్తుందేమో," అన్నాడు బావమరిది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

గంటన్నర గడిచింది. చివరికి మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొనను డిస్కు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. లోపల టిక్, టిక్, టిక్. కాసేపు ఆగి మళ్లీ టిక్. చీకట్లో గుమ్మం కోసం గోడ తడుముకునే గుడ్డివాడి కర్ర చప్పుడులా ఉంది.

"డిస్కు పోయింది," అన్నాడు.

"కొత్తది లేదా?"

"సంచీలో ఉంది. డిస్కుదేముంది. దాని మీద వేయాల్సిన ప్రోగ్రాం కావాలి. ఈ పెట్టెలు చేసిన కంపెనీ మూతపడి తొమ్మిదేళ్లయింది. ప్రోగ్రాం ఈ డిస్కు మీద తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు."

చెల్లెలు అప్పుడు మొదటిసారి థర్మామీటర్ నుంచి తల తిప్పి అన్న ముఖంలోకి చూసింది. ఏదో అడగబోయి ఆగింది. మళ్లీ అద్దం వైపు తిరిగి, "ముప్పై తొమ్మిది," అంది.

రెండో పెట్టె తలుపు తీయబోతూ బావమరిది కాలికి ఆ మూత తగిలింది. పక్కన పెడదామని ఎత్తి, లోపలి వైపు చూశాడు. గది ఊపిరాడకుండా ఉంది, ఏదో ఒకటి మాట్లాడకపోతే మనిషి నిలబడేలా లేడు. పురాణం చదివినట్టు రాగం తీశాడు.

"వినండి, వినండి, బావగారి శాసనం! 'బ్యాటరీ మార్చాను.' పన్నెండేళ్ల కిందట."

"ఆ రోజు చిన్న తుంపర," అన్నాడు మేస్త్రీ, చేతులు ఆగకుండానే. "గొడుగు మీ ఇంట్లో మరిచిపోయాను."

"'ఫ్యాన్‌లో ఈకలు, శుభ్రం చేశాను.'"

"పిడికెడు ఈకలు. మీ ఆవిడకు చూపించాను కూడా."

"'కరెంటు పెట్టె కొత్తది.'"

"ఐదేళ్లయింది. దానికోసం మూడు ఊళ్లు తిరిగాను."

"'పాత డిస్కు వేశాను. తాత్కాలికం. నెలలోగా కొత్తది వేయాలి. ప్రోగ్రాం నకలు గడియారం వెనక.' ఇది మొన్న వేసవిలో."

మేస్త్రీ చేతులు ఆగిపోయాయి.

"అది నేను రాసింది కాదు," అన్నాడు.

బావమరిది రాగం గొంతులోనే ఆరిపోయింది. మూతను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. నిటారుగా, పొడుగ్గా, తలకట్లు కొడవళ్లలా వంగిన అక్షరాలు. ఊరి బడిలో పంతులుగారు ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు. ఇంకెవరి చేతా అలా రావు.

"ఇంకెవరైనా..." అన్నాడు మేస్త్రీ.

"నువ్వే అన్నయ్యా," అంది చెల్లెలు, అద్దం మీంచి కళ్లు తీయకుండా. "ఆ రోజు కొత్త డిస్కు దొరకలేదని, నెలలో వచ్చి మారుస్తానన్నావు. తర్వాత రెండుసార్లు నేనే గుర్తుచేశాను. 'ఎప్పుడో మార్చేశాను కదే, నీకు మతిమరుపు వచ్చింది' అని నన్ను కసిరావు. నువ్వు అన్నాక ఇంకేం అంటాను? నాకే మతి తప్పిందనుకున్నాను."

మేస్త్రీ పరాయివాడి ఇంటి ఉత్తరం చదివినట్టు ఆ వరుసను మళ్లీ చదివాడు. ఎంత తవ్వినా ఆ రోజు లేదు. ఎండ లేదు, తుంపర లేదు, కూర్చున్న పీట లేదు. అక్కడ ఏదీ లేదు.

బావమరిది కుర్చీ ఎక్కి గోడ గడియారం దించాడు. వెనక, టేపుతో అంటించిన ప్లాస్టిక్ కవరు. అందులో వేలెడు పెన్‌డ్రైవ్.

ఆ తర్వాత పని చేతులు చేశాయి. యాభై ఏళ్ల చేతులవి, వాటికి ఎవరూ దారి చెప్పనక్కర్లేదు. కొత్త డిస్కు బిగించి నకలు ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద నూటికి ఎన్ని వంతులయిందో అంకె కదులుతోంది. పెట్టె దగ్గర చెల్లెలి అంకె కదులుతోంది. పన్నెండు. ముప్పై తొమ్మిదీ పావు. ముప్పై ఒకటి. ముప్పై తొమ్మిదిన్నర. బావమరిది తలుపులు బార్లా తెరిచి, అట్టముక్కతో విసురుతూ నిలబడ్డాడు. అరవై. ముప్పై తొమ్మిదిన్నర. తొంభై. ముప్పై తొమ్మిదీ పావు.

పదకొండు దాటాక తెర ఒకసారి నల్లబడి, నీలంగా మారింది. గోడ మీది పెట్టెలో స్విచ్చులు టపటపమన్నాయి. గాలి రేకులు తెరుచుకున్నాయి. గది మళ్లీ గుయ్యిమంది.

చెల్లెలు మూడు పెట్టెల్లోంచి పది గుడ్లు ఏరి, దీపం ముందు ఒక్కోటే పట్టుకుని చూసింది. ఎర్రటి వెలుగులో నల్లటి ముద్ద కదిలితే పిల్ల ఉన్నట్టు. ఎనిమిదింట్లో కదిలింది. రెండింట్లో కదల్లేదు. ఆ రెండింటినీ కాసేపు అలాగే పట్టుకుని, పక్కన పెట్టింది.

"బతికాం," అన్నాడు బావమరిది, నేల మీద కూలబడి. "బావా, రాసి పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది."

ఆ మాట మేస్త్రీకి చెంపదెబ్బలా తగిలింది. రాసిపెట్టుకున్నాడు, నిజమే. కానీ ఎక్కడ? లోపల. మిషన్ చెడితే కాని ఎవరూ మూత విప్పరు. నెలలో మార్చమన్న మాట ఇన్ని నెలలు ఆ చీకట్లో ఎవరి కంటా పడకుండా కూర్చుంది. పుస్తకం పోతుంది, మూత పోదు అని ఊరంతా చెప్పుకు తిరిగిన తెలివి ఇదేనా?

చెల్లెలు నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, మొన్న వేసవిలో ఇంకా ఎవరెవరి మిషన్లు చేశావు?"

"ఎందుకు చెప్పలేను?" అన్నాడు మేస్త్రీ. మొదలుపెట్టాడు. పంతులుగారి రేడియో, సినిమా హాలు, వరద వచ్చిన ఏడాది, పురపాలక ఆఫీసు. ఒక్క తేదీ తప్పలేదు. పదేళ్ల కిందటిది చెప్పాడు, ఐదేళ్ల కిందటిది చెప్పాడు. రెండేళ్ల కిందటికి వచ్చేసరికి మాటలు పలచబడ్డాయి. "మొన్న వేసవి..." అన్నాడు. "మొన్న వేసవిలో ఎండలు బాగా కాశాయి కదూ?"

చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నువ్వు మా ఇంటికి ఆస్పత్రి నుంచి వచ్చావు. 'అక్కడ పిల్లల వార్డులో ఒకటి లేపి వస్తున్నా, దానిదీ ఇదే రోగం' అన్నావు."

అదే రోగమంటే అదే మందు, ఏదో పాత డిస్కే, వేసి ఉండాలి. కొత్త డిస్కు దొరకని రోజది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను అద్దాల పెట్టెల్లో వెచ్చగా ఉంచే వార్డది. ఏ పెట్టెలో వేడి తప్పినా, ఏ పసిగుండె తడబడినా గంట మోగించేది ఆ కంప్యూటరే.

"లేవండి బావా," అన్నాడు బావమరిది. ఈసారి ఎగతాళి లేదు. ముగ్గురూ బయల్దేరి, దారిలో ఇంకో రెండు కొత్త డిస్కులు కొన్నారు.

ఆస్పత్రిలో కంప్యూటర్ చక్కగా నడుస్తోంది. తెర మీద తొమ్మిది గళ్లు, తొమ్మిది పచ్చటి గీతలు ఎగిరి పడుతున్నాయి. పెద్ద నర్సు మేస్త్రీని చూసి నవ్వింది. "పిలవకుండానే వచ్చారే? అంతా బాగానే ఉందిగా."

"ఒకసారి మూత విప్పాలమ్మా."

"నడుస్తున్నదాన్నా? లోపల తొమ్మిది మంది పసివాళ్లున్నారు మేస్త్రీగారూ. కారణం చెప్పకుండా ఎలా విప్పనివ్వను? అసలు ఏమైంది దానికి?"

మామూలు తనిఖీ అనవచ్చు. దుమ్ము దులపాలి అనవచ్చు. ఆయన మాటకు అక్కడ ఎదురు లేదు, నమ్ముతారు. చెల్లెలు కూడా నమ్మింది కదా.

"దానికి ఏమీ కాలేదమ్మా," అన్నాడు. "మొన్న వేసవిలో నేను ఇందులో ఏం పెట్టానో నాకు గుర్తు లేదు."

పెద్ద నర్సు నవ్వు ఆగిపోయింది. ఆయనను, వెనక నిలబడ్డ చెల్లెలిని మార్చి మార్చి చూసింది. తర్వాత ఇంకొక్క ప్రశ్న వేయకుండా వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ఉన్న నర్సులందరినీ పిలిచి, ఒక్కో అద్దాల పెట్టె దగ్గర ఒకరిని నిలబెట్టింది. "గంట మోగదు. కళ్లతోనే చూడాలి. రెప్ప వేయకండి," అంది. అప్పుడు మేస్త్రీ వైపు తల ఊపింది.

ఈసారి మిషన్ ఆపి మూత తీయగానే లోపలి వైపు తిప్పి చూశాడు. పాత రాతలు మూడు వరుసలు. మొన్న వేసవిది ఒక్క అక్షరం లేదు. రాయడం కూడా మరిచిపోయాడు. డిస్కు బయటకు లాగితే, దాని మీద అంటించిన చీటీలో ఆయన అక్షరాలే: సినిమా హాలు, టికెట్ల గది.

డిస్కుకు తీగలు మళ్లీ తగిలించి, స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఒకసారి మిషన్ వెయ్యమన్నాడు. టిక్ మంది. ఆగింది. ఇంకా కొన ఊపిరి ఉంది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన కలిపి, ఉన్నది ఉన్నట్టు నకలు తీయడం మొదలుపెట్టాడు. యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ వార్డులో చెప్పు చప్పుడు కూడా లేదు. తొమ్మిది మంది వంగి తొమ్మిది అద్దాల్లోకి చూస్తున్నారు. ఒకచోట ఒక నర్సు చప్పున చెయ్యి లోపలికి పెట్టి, పిల్లవాడి పాదం రుద్ది, మళ్లీ నిటారుగా నిలబడింది. మేస్త్రీ అటు చూడలేకపోయాడు.

పచ్చటి గీతలు తొమ్మిదీ తిరిగి వచ్చాక, మూత బిగించాడు. చెవి మీది పెన్సిల్ తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నువ్వు రాయి. కొత్త డిస్కు వేశాం, ఈ తేదీన అని."

"లోపల కదా రాస్తావు? బిగించేశావేం?"

"పైన రాయి. ముందు వైపు. లోపలికి వచ్చే ప్రతివాళ్లకూ కనపడేట్టు."

చెల్లెలు రాసింది. ఆమెవి గుండ్రటి, పొట్టి అక్షరాలు. మేస్త్రీ వాటిని రెండుసార్లు చదివాడు. తర్వాత బావమరిదికేసి తిరిగాడు.

"టికెట్ల గదిలోంచి ఈ డిస్కు పీకానంటే, అక్కడ దీని బదులు ఏదో ఒకటి పెట్టే ఉంటాను. అది ఎక్కడినుంచి తెచ్చానో. పద, చూద్దాం."

మెట్లు దిగుతుంటే అలవాటుగా చెయ్యి కుడి చెవి మీదకు పోయింది. అక్కడ పెన్సిల్ లేదు. ఎక్కడ పెట్టానా అని ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. చెల్లెలు దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతూ వస్తోంది.